ఇద్దరు ఎన్‌హెచ్‌ఎల్ ఫార్వర్డ్‌లలో ఎవరి విలువ ఎక్కువో తేల్చడం ఎలా? హ్యూబర్డో, కచక్‌లతో ఒక లెక్క

అమెరికా, కెనడా టీమ్‌లు ఆడే ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో పాయింట్ల పట్టిక తెరిచి, పైన ఎవరి పేరుంటే వాళ్లే గొప్ప అని తేల్చేయడం చాలా తేలిక. కాల్గరీలోనో టొరంటోలోనో డాలస్‌లోనో ఉంటూ, ఆఫీసు వాళ్ల బలవంతం మీద హాకీ ఫాంటసీ పూల్‌లో చేరిన మనవాళ్లు చేసేదీ సాధారణంగా అదే. ఫాంటసీలో అది కొంతవరకు నడుస్తుంది కూడా, అక్కడ మార్కులు పడేదే గోల్స్‌కీ, గోల్‌కు ముందు పాస్ ఇచ్చినందుకు వచ్చే అసిస్ట్‌లకీ కాబట్టి. కానీ "వీడిని ఇచ్చి వాడిని తెచ్చుకుంటే టీమ్ బాగుపడుతుందా" అని అడిగితే మాత్రం ఆ పట్టిక సగం జవాబే చెప్తుంది, ఆ సగం కూడా ఒక్కోసారి తప్పుదోవ పట్టిస్తుంది.

ఊరికే సూత్రాలు చెప్తే బుర్రకెక్కవు, అందుకని ఒక నిజమైన బేరాన్ని పెట్టుకుని పోదాం. 2022 జులైలో కాల్గరీ ఫ్లేమ్స్ తమ వింగర్ (పక్క వైపు ఆడే ఫార్వర్డ్) మాథ్యూ కచక్‌ను ఫ్లోరిడా పాంథర్స్‌కు ఇచ్చేసింది. బదులుగా వింగర్ జొనాథన్ హ్యూబర్డో, డిఫెన్స్ ఆటగాడు మెకెంజీ వీగర్, కోల్ ష్విండ్ట్ అనే కుర్రాడు, షరతులతో ఒక ఫస్ట్ రౌండ్ డ్రాఫ్ట్ పిక్ (కొత్త కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి రౌండ్ అవకాశం) వచ్చాయి. అంతకుముందు సీజన్‌లో గోల్స్, అసిస్ట్‌లు కలిపి హ్యూబర్డోవి 115 పాయింట్లు, కచక్‌వి 104. ఎక్కువ పాయింట్లు కొట్టినవాడు వచ్చాడు, పైగా మంచి డిఫెన్స్‌మన్, పైగా ఒక పిక్. కాల్గరీకి లాటరీ తగిలిందన్నవాళ్లు ఆ వారం తక్కువేం కాదు. తర్వాత ఏమైందో ఆఖర్లో చూద్దాం, ముందు ఆ రోజు చేతిలో ఉన్న సమాచారంతోనే లెక్క వేయాలి. ఫలితం తెలిశాక తెలివి అందరికీ వస్తుంది.

1. ముందు ప్రశ్న సరిగ్గా రాసుకోండి

"ఎవరు గొప్ప" అన్నది టీకొట్టు దగ్గర వాదన. మీ ప్రశ్నలో మూడు సంగతులు ఉండాలి: ఏ టీమ్‌కు, ఎన్నేళ్లకు, ఎంత డబ్బుకు. ఆ వేసవిలో కాల్గరీ వింగర్ జానీ గాడ్రో ఫ్రీ ఏజెంట్‌గా, అంటే కాంట్రాక్టు అయిపోయి ఎక్కడికైనా వెళ్లగలిగే ఆటగాడిగా, కొలంబస్‌కు వెళ్లిపోయాడు, కచక్ కూడా కాల్గరీతో పొడుగాటి కాంట్రాక్టుకు సిద్ధంగా లేనని చెప్పేశాడు. కాబట్టి కాల్గరీ ముందున్న ప్రశ్న "కచక్ కావాలా, హ్యూబర్డో కావాలా" కానే కాదు, "ఎలాగూ పోయేవాడికి బదులుగా ఏం దక్కుతుంది" అన్నది. ఫ్లోరిడాది వేరే ప్రశ్న. రెగ్యులర్ సీజన్‌లో 122 పాయింట్లతో (ఇవి మ్యాచ్ ఫలితాలకు టీమ్‌కు వచ్చే పాయింట్లు) లీగ్ మొత్తానికి మొదటి స్థానంలో నిలిచి, ప్లేఆఫ్స్ రెండో రౌండ్‌లో ఒక్క మ్యాచ్ కూడా గెలవకుండా ఇంటికెళ్లిన టీమ్ అది. వాళ్లు వెతుకుతున్నది ఇంకొన్ని పాయింట్ల కోసం కాదు.

అందుకే ఒకే ట్రేడ్ రెండు వైపులా సబబుగా కనిపించొచ్చు. ఎవరి కుర్చీలో కూర్చుని లెక్క వేస్తున్నారో ముందే తేల్చుకోండి. నేనిక్కడ "రాబోయే ఎనిమిదేళ్లకు, మార్కెట్ ధరకు, ఎవరైతే మేలు" అని పెట్టుకుంటున్నాను.

2. మూడు సీజన్లు తీసుకోండి, ఒక్కటి కాదు

ఒక్క సీజన్ అంటే 82 మ్యాచ్‌లు. వినడానికి చాలా అనిపిస్తుంది గానీ అదృష్టం, గాయాలు, పక్కన ఆడేవాళ్లు కలిసి అంకెల్ని ఎటైనా ఈడ్చేయడానికి అది సరిపోతుంది. హాకీ-రెఫరెన్స్ అనే సైట్‌లో ఆటగాడి పేరు కొడితే ఏడాదివారీగా అన్నీ ఉంటాయి, అక్కడి నుంచి మూడు సీజన్లు తీసుకుని మ్యాచ్‌కి ఎన్ని పాయింట్లో చూడండి. మొత్తం పాయింట్లు పనికిరావు, ఎందుకంటే కోవిడ్ వల్ల 2019-20, 2020-21 సీజన్లు చిన్నవైపోయాయి.

హ్యూబర్డో: 69 మ్యాచ్‌ల్లో 78, 55 మ్యాచ్‌ల్లో 61, 80 మ్యాచ్‌ల్లో 115. కచక్: 69 మ్యాచ్‌ల్లో 61, 56 మ్యాచ్‌ల్లో 43, 82 మ్యాచ్‌ల్లో 104. ఇప్పుడు తాజా సీజన్‌కు 3 వంతులు, దాని ముందుదానికి 2, అంతకుముందుదానికి 1 చొప్పున బరువు వేసి ఆరుతో భాగించండి. హ్యూబర్డోకు మ్యాచ్‌కి సుమారు 1.28 పాయింట్లు, కచక్‌కు 1.04. పూర్తి సీజన్‌కు మారిస్తే 105, 85.

అంటే లోతుకు వెళ్లేకొద్దీ తేడా తగ్గలేదు, పదకొండు నుంచి ఇరవైకి పెరిగింది! ఇక్కడే ఆగిపోతే హ్యూబర్డోనే తీసుకోవాలి. హ్యూబర్డో ఒక్క ఏడాది మెరుపు కాదన్నది కూడా ఈ లెక్కలో తేలిపోయింది. ఇకపై వేసే ప్రతి అడుగూ ఈ ఇరవై పాయింట్ల తేడాను నిలబెడుతుందా, కరిగిస్తుందా అని చూడడమే.

3. పాయింట్లను విడగొట్టండి

హాకీలో గోల్ కొట్టినవాడికి ఒక పాయింట్, దానికి ముందు పక్ (బంతి బదులు వాడే బిళ్ల) అందించిన ఇద్దరి దాకా అసిస్ట్ రూపంలో తలా ఒక పాయింట్. గోల్‌కీ, దానికి ముందు పాస్ ఇచ్చిన మొదటి అసిస్ట్‌కీ నేరుగా సంబంధం ఉంటుంది. రెండో అసిస్ట్ అలా కాదు, మన ఆటగాడు తన సగంలో ఎక్కడో మామూలు పాస్ ఇచ్చి బెంచ్ వైపు వెళ్తుండగా కూడా అది వచ్చి పడొచ్చు. రెండో అసిస్ట్‌లు ఒక ఏడాది నుంచి ఇంకో ఏడాదికి నిలకడగా ఉండవు. అందుకని వాటిని తీసేసి, గోల్స్, మొదటి అసిస్ట్‌లు మాత్రమే కలిపి మళ్లీ చూడండి.

ఆ సీజన్‌లో హ్యూబర్డోవి 30 గోల్స్, 85 అసిస్ట్‌లు. ఒక లెఫ్ట్ వింగర్ ఒకే సీజన్‌లో అన్ని అసిస్ట్‌లు చేయడం అప్పటిదాకా లేదు, రికార్డు. కచక్‌వి 42 గోల్స్, 62 అసిస్ట్‌లు. ఇది హ్యూబర్డోను తక్కువ చేసే మాట కాదు గానీ, నాలుగింట మూడు వంతుల పాయింట్లు అసిస్ట్‌ల రూపంలో వచ్చేవాడి పాయింట్లు కొంతవరకు పక్కవాడి చేతిలో ఉన్నట్టే. పాస్ ఎంత బాగున్నా, అందుకున్నవాడు గోల్‌లోకి కొట్టాలిగా.

తర్వాత పవర్ ప్లే. క్రికెట్ పవర్ ప్లే గుర్తొస్తే మర్చిపోండి. ఇక్కడ అవతలి జట్టులో ఒకడు పెనాల్టీ బాక్సులో కూర్చున్నప్పుడు మనవాళ్లు ఒకడు ఎక్కువతో ఆడే సమయం అది. అక్కడ వచ్చే పాయింట్లు నిజమైనవే, కానీ ఆ ఐదుగురిలో చోటు దొరకడం సగం కోచ్ దయ. అందుకే ఐదుగురికి ఐదుగురు ఆడిన సమయాన్ని విడిగా చూడాలి. నాచురల్ స్టాట్ ట్రిక్ అనే ఉచిత సైట్‌లో ఫైవ్ ఆన్ ఫైవ్ ఫిల్టర్ పెట్టి, కౌంట్స్ బదులు రేట్స్ ఎంచుకుంటే ప్రతిదీ 60 నిమిషాలకు ఎంతో చూపిస్తుంది. మన స్ట్రైక్ రేట్ లాంటిదే, క్రీజులో ఎంతసేపున్నాడన్నది పక్కన పెట్టి ఎంత వేగంగా కొట్టాడో చెప్తుంది. ఒకడు 22 నిమిషాలు, ఇంకొకడు 17 నిమిషాలు ఆడుతుంటే ఈ మార్పు చేయకుండా పోల్చడం దండగ.

4. అదృష్టం పాలు ఎంతో చూడండి

షాట్లలో ఎన్ని గోల్ అయ్యాయన్న శాతాన్ని షూటింగ్ పర్సంటేజ్ అంటారు. లీగ్ మొత్తం మీద అది పది శాతం అటూఇటూ ఉంటుంది. మంచి షూటర్లు దానికన్నా పైనే ఉంటారు, అది నిజంగా వాళ్ల నైపుణ్యమే. చూడాల్సింది లీగ్ సగటుతో కాదు, అతని సొంత కెరీర్ సగటుతో పోల్చి. విలియం కార్ల్‌సన్ కథ దీనికి సరిపోతుంది. 2016-17లో కొలంబస్‌కు 6 గోల్స్, తర్వాతి ఏడాది వేగస్‌కు వెళ్లి 43, అది కూడా 23 శాతం పైన షూటింగ్‌తో. ఆ మరుసటి ఏడాది 24. ఆ 43 చూసి నలభై గోల్స్ ఆటగాడి ధర పెట్టి ఉంటే ఏమయ్యేదో మీకే తెలుసు.

ఇలాంటిదే ఇంకొకటి, అతను మంచు మీద ఉన్నప్పుడు మొత్తం టీమ్ షూటింగ్ శాతం. అసిస్ట్‌ల మీద బతికేవాళ్లకు ఇది మరీ ముఖ్యం.

5. పక్కన ఎవరున్నారు?

దీని మీదే ఎక్కువ సమయం పెట్టండి. నా అనుభవంలో మిగతావన్నీ చూసి ఇది వదిలేసినవాళ్లే ఎక్కువ బోల్తా పడతారు.

ముందుగా ప్లస్-మైనస్ గురించి. ఆటగాడు మంచు మీద ఉండగా మన టీమ్ గోల్ కొడితే ప్లస్, తింటే మైనస్, పవర్ ప్లే గోల్స్ లెక్కలోకి రావు. 2021-22లో కచక్ +57. అబ్బో అనిపిస్తుంది. కానీ ఆ ఏడాది లీగ్‌లో మొదటి మూడు స్థానాలు చూడండి: గాడ్రో +64, ఎలియాస్ లిండ్‌హోమ్ +61, కచక్ +57. ముగ్గురూ కాల్గరీ, ముగ్గురూ ఒకే లైన్, అంటే కలిసి మంచు మీదికి దిగే ముగ్గురు ఫార్వర్డ్‌లు! వాళ్ల వెనక గోల్‌లో ఉన్నది ఆ సీజన్‌లో అందరికన్నా ఎక్కువగా 9 షటౌట్‌లు (ఒక్క గోల్ కూడా ఇవ్వని మ్యాచ్‌లు) సాధించిన జాకబ్ మార్క్‌స్ట్రోమ్. ఆ 57లో కచక్ వాటా ఎంతో ఆ అంకె మీకు ఎప్పటికీ చెప్పదు. కాబట్టి ప్లస్-మైనస్‌ను మీ కాగితం మీద నుంచి కొట్టేయండి, నేనైతే అసలు రాయను.

దాని బదులు ఇద్దరినీ విడదీసి చూడాలి: కచక్, గాడ్రో కలిసి ఆడిన నిమిషాల్లో ఏమైంది, కచక్ విడిగా ఆడినప్పుడు ఏమైంది, గాడ్రో విడిగా ఆడినప్పుడు ఏమైంది. నాచురల్ స్టాట్ ట్రిక్‌లోనే దీనికో పేజీ ఉంది. చిక్కేమిటంటే, ఏడాదంతా ఒకే లైన్‌లో ఆడినవాళ్లు విడిగా ఆడిన నిమిషాలు బాగా తక్కువ, వాటి నుంచి పెద్ద తీర్పులు లాగకూడదు. అలాంటప్పుడు పాత సీజన్లలోకి వెళ్లండి. 2018-19లో కచక్ ఎక్కువగా మైకేల్ బ్యాక్‌లండ్ పక్కన, అంటే అవతలి టీమ్ మేటి లైన్లను కాపు కాసే లైన్‌లో ఆడి 34 గోల్స్, 77 పాయింట్లు చేశాడు, అప్పటికి ఇరవై ఒక్క ఏళ్లు. గాడ్రో లేకపోతే ఇతను లేడన్న వాదన అక్కడే చాలావరకు బలం కోల్పోతుంది.

హ్యూబర్డోకు కూడా ఇదే పరీక్ష పెట్టాలి. అతను ఏళ్ల తరబడి ఒకే టీమ్, ఆ టీమ్‌లో అలెగ్జాండర్ బార్కోవ్ లాంటి సెంటర్ (మధ్యలో ఆడే ఫార్వర్డ్). 2021-22లో అతని లైన్‌లో ఎక్కువగా ఆడిన ఆంథొనీ డుక్లేర్ 31, శామ్ బెన్నెట్ 28 గోల్స్ కొట్టారు. లీగ్‌లో అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టిన టీమ్ అది, వేగంగా పైకి దూసుకెళ్లడమే వాళ్ల పద్ధతి, పరుగులో ఉన్నవాడి స్టిక్ మీదికి పాస్ వేయడంలో హ్యూబర్డోది అందెవేసిన చేయి. ఇప్పుడు ఆ పాస్‌ను అందుకునేవాళ్లు లేని చోట, కాల్గరీలో డారిల్ సటర్ లాంటి కోచ్ కింద, పక్‌ను అవతలి మూలకు కొట్టి వెంటపడి లాక్కునే పద్ధతిలో అతన్ని ఊహించుకోండి. ఎన్ని పాయింట్లు తగ్గుతాయో చెప్పలేం గానీ, తగ్గుతాయని చెప్పడానికి పెద్ద జ్యోతిష్యం అక్కర్లేదు.

6. షాట్ల వాటా

అతను ఐదుగురికి ఐదుగురు ఆడుతున్నప్పుడు రెండు జట్లూ కలిపి వేసిన షాట్లలో మనవాళ్లవి ఎన్ని? దీన్ని కోర్సి అంటారు. షాట్ ఎక్కడ నుంచి, ఎలా వేశారో చూసి ఒక్కోదానికి గోల్ అయ్యే అవకాశాన్ని కట్టేది ఎక్స్‌పెక్టెడ్ గోల్స్, దానికి మనీపక్ అనే సైట్ బాగుంటుంది. యాభై శాతం పైన ఉంటే మంచిదే, కానీ టీమ్ మొత్తమే 55 అయితే అతని 55లో విశేషం లేదు. అందుకని టీమ్‌తో పోల్చిన అంకె చూడండి. కచక్ ఈ లెక్కలో మొదటి నుంచీ గట్టివాడే, హ్యూబర్డో విషయంలో అంత స్పష్టత ఉండదు. అతని షిఫ్ట్‌లు (మంచు మీదికి దిగిన ఒక్కో విడత) ఎక్కువగా ఏ జోన్‌లో, అంటే మన వైపా అవతలి వైపా, మొదలవుతున్నాయో కూడా ఓసారి చూడండి, అంతే, దాని మీద గంటలు పెట్టొద్దు.

7. స్కోర్‌షీట్‌లో పడనివి

ఇక్కడ అంకెలు మూసేసి మ్యాచ్ చూడాలి. ఒక్కొక్కరివి నాలుగైదు మ్యాచ్‌లు పెట్టుకుని, పక్ ఎక్కడున్నా సరే, కళ్లు మీ ఆటగాడి మీదే ఉంచండి. హైలైట్స్ వద్దు, అందులో అందరూ గొప్పవాళ్లే. కచక్ ఆట గోల్ ముందు రెండు మూడు గజాల్లో ఉంటుంది. గోల్‌కీపర్‌కు అడ్డం నిలబడడం, షాట్‌ను దారి మళ్లించడం, అవతలివాళ్లకు ఒళ్లు మండించి పెనాల్టీలు తెప్పించడం (తనూ బాక్సులో బాగానే కూర్చుంటాడు, ఆ రెండింటి తేడానే లెక్క). ఇలాంటి ఆట ఏ టీమ్‌కైనా, ఏ పద్ధతికైనా పనికొస్తుంది. ప్లేఆఫ్స్‌లో ఖాళీ స్థలం తగ్గిపోయినప్పుడు మరీను. 2022 ప్లేఆఫ్స్‌లో కచక్ 12 మ్యాచ్‌ల్లో 10 పాయింట్లు, హ్యూబర్డో 10 మ్యాచ్‌ల్లో 5. పది పన్నెండు మ్యాచ్‌లతో ఏదీ రుజువు కాదు, కానీ నేను చూసిన దానికి విరుద్ధంగా మాత్రం లేవు.

మీరు పోల్చే ఇద్దరిలో ఒకరు సెంటర్, ఇంకొకరు వింగర్ అయితే సెంటర్‌కు కొంత అదనం వేయండి. ఫేసాఫ్‌లు (రిఫరీ పక్ వదలగానే దాని కోసం ఇద్దరు పోటీపడడం), వెనక్కి వచ్చి కాపాడే బాధ్యత అతని మీదే ఎక్కువ, మంచి సెంటర్లు దొరకడం కూడా కష్టం.

8. వయసు, కాంట్రాక్టు

ఎన్‌హెచ్‌ఎల్‌లో సాలరీ క్యాప్ ఉంటుంది, అంటే టీమ్ మొత్తం జీతాలకు ఒక పరిమితి. ఎంత డబ్బున్న ఓనర్ అయినా దాన్ని దాటలేడు. కాబట్టి ఆటగాడి ధర డాలర్లలో కాదు, క్యాప్‌లో శాతంగా చూడాలి. పక్‌పీడియా అనే సైట్‌లో కాంట్రాక్టులన్నీ దొరుకుతాయి.

కచక్ ఎనిమిదేళ్లకు 7.6 కోట్ల డాలర్లు, ఏడాదికి 95 లక్షలు. 2022-23 క్యాప్ 8.25 కోట్లు, అంటే దాదాపు 11.5 శాతం. మొదలైనప్పుడు అతనికి 24 ఏళ్లు, ముగిసేసరికి 32. ఫ్లోరిడాలో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు కాబట్టి ఆ 95 లక్షలు చేతికొచ్చేది కెనడాలో కన్నా బాగా ఎక్కువ, దీన్ని చాలామంది మర్చిపోతారు.

హ్యూబర్డో ట్రేడ్ రోజున ఇంకా చవక, ఏడాదికి 59 లక్షల పాత కాంట్రాక్టులో ఒక్క ఏడాది మిగిలి ఉంది. కానీ ఆగస్టులోనే, అతను కాల్గరీ జెర్సీలో ఒక్క మ్యాచ్ ఆడకముందే, 2023-24 నుంచి మొదలయ్యే ఎనిమిదేళ్ల కాంట్రాక్టు ఇచ్చారు. 8.4 కోట్లు, ఏడాదికి 1.05 కోట్లు, మొదటి ఏడాది క్యాప్‌లో 12.6 శాతం. మొదలయ్యేసరికి 30 ఏళ్లు, ముగిసేసరికి 38. ఫార్వర్డ్‌ల స్కోరింగ్ సాధారణంగా ఇరవైల మధ్యలో శిఖరానికి చేరి, ముప్పై దాటాక జారుతుంది. ఒకరి కాంట్రాక్టు ఎక్కువ భాగం పై మెట్ల మీద, ఇంకొకరిది మొత్తం దిగే మెట్ల మీద.

నన్నడిగితే కాల్గరీ నష్టపోయింది ట్రేడ్‌లో కాదు, ఆ సంతకంలో. వీగర్ మంచి ఆటగాడనే తేలింది, 2023-24లో డిఫెన్స్‌మన్‌గా 20 గోల్స్ కొట్టాడు. ఒక్క ఏడాది ఆగి చూసి ఉంటే సరిపోయేది. అయితే గాడ్రో, కచక్ ఒకే నెలలో పోయాక హ్యూబర్డో కూడా ఏడాదిలో వెళ్లిపోతాడేమో అన్న టెన్షన్ వాళ్లది.

9. తీర్పు రాయండి, ఎంత నమ్మకమో కూడా రాయండి

ఇప్పుడు కాగితం మీద ఉన్నవి: గత స్కోరింగ్ హ్యూబర్డోవైపు, గట్టిగా. గోల్స్ వాటా, షాట్ల వాటా, ఎక్కడైనా పనికొచ్చే ఆట, వయసు, ధర కచక్‌వైపు. మొదటి ఒక్క ఏడాదికే అయితే నేను దాదాపు సమానం అంటాను. ఎనిమిదేళ్లకైతే కచక్, పదింట ఎనిమిది వంతుల నమ్మకంతో. తేడాను గోల్స్‌లోకి మార్చాలనుకుంటే ఒక మోటు కొలత ఉంది: సుమారు ఆరు గోల్స్ అదనంగా తెస్తే ఒక గెలుపు. మీ లెక్కలో ఇద్దరి మధ్య తేడా మూడు నాలుగు గోల్స్ లోపు వస్తే ఎవరు మేలో తేలలేదని ఒప్పుకుని, చవగ్గా వచ్చేవాడిని తీసుకోండి.

జరిగింది ఇదీ: 2022-23లో కచక్ 109 పాయింట్లు, లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీ ఫైనలిస్ట్, ఆ ప్లేఆఫ్స్‌లో 20 మ్యాచ్‌ల్లో 24 పాయింట్లు. ఫ్లోరిడా 2023లో ఫైనల్‌కి వెళ్లింది, 2024లో, 2025లో లీగ్ టైటిల్ అయిన స్టాన్లీ కప్ గెలిచింది. హ్యూబర్డో 115 నుంచి 55కి పడిపోయాడు. ఆ తర్వాత 52, 62. మన పద్ధతి ఎవరివైపు మొగ్గాలో చెప్పింది గానీ, 55 అని మాత్రం ఏ లెక్కా చెప్పి ఉండేది కాదు, 85 దగ్గర ఆగుతాడని నేననుకునేవాణ్ణి. అలాగే కచక్ 2025 ఫిబ్రవరిలో గాయపడి ఆ రెగ్యులర్ సీజన్‌లో 52 మ్యాచ్‌లే ఆడాడు. గోల్ ముందు ఒళ్లు హూనం చేసుకునే ఆటకు ఆ ఖర్చు కూడా ఉంటుంది, ఎనిమిదో అడుగులో దానికో గీత గీసి పెట్టుకోండి.

ప్రాక్టీసుకు ఎడ్మంటన్ జోడీని తీసుకోండి. లియాన్ డ్రైసైటిల్ 2025-26 నుంచి ఎనిమిదేళ్లకు ఏడాదికి 1.4 కోట్లు, కానర్ మెక్‌డేవిడ్ ఆ తర్వాతి సీజన్ నుంచి రెండేళ్లకే 1.25 కోట్లు. ఒకే టీమ్, ఒకే పవర్ ప్లే, 2022-23లో డ్రైసైటిల్ కొట్టిన 52 గోల్స్‌లో 32 అక్కడివే. ఐదో అడుగుతో మొదలుపెట్టండి, ఇద్దరూ విడివిడి లైన్లలో ఆడిన నిమిషాలు అక్కడ కావలసినన్ని దొరుకుతాయి.